తాటి చెట్టు తీపి నీరు

మన ఆటోనగర్ నుంచి మచిలీపట్నం వైపు పోయే బస్సెక్కండి. పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వరసగా వస్తాయి. కిటికీ పక్కన కూర్చుంటే రెండు వైపులా వరి పొలాలు కనిపిస్తాయి. పొలాల గట్ల మీద, కాలవ గట్ల మీద తాటి చెట్లు నిలబడి ఉంటాయి. కొమ్మ లేదు, రెమ్మ లేదు. నిటారుగా ఒకటే మాను. తల మీద గొడుగులాగా ఆకులు.

తాటి చెట్టు మనకు కొత్త కాదు. ఎండాకాలం ముంజలు తిన్నాం. తాటి పండు కాల్చుకుని తిన్నాం. చలికాలం తేగలు తిన్నాం. తాటాకుతో ఇల్లు కప్పాం. విసనకర్ర అల్లాం. తాటి దూలాలు ఇంటికి వేశాం.

ఈ చెట్టు తీపి నీరు కూడా ఇస్తుంది. ఆ నీటితో బెల్లం వండవచ్చు. ఆ నీరే పులిస్తే కల్లు అవుతుంది. ఒకే చెట్టు, ఒకే నీరు. ఒక ఇంట్లో తిండి అవుతుంది. ఇంకో ఇంట్లో మత్తు అవుతుంది. ఇలా ఎందుకు జరుగుతుంది? ఆ నీటిని ఎవరు తీస్తారు? ఎలా తీస్తారు? ఉయ్యూరు దాటాక కొన్ని ఊళ్లలో తిరిగి చూసినవీ, తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

చెట్టు వేరు భూమిలోని నీటిని పీలుస్తుంది. ఆ నీరు మాను గుండా పైకి పోతుంది. పైన ఆకులు ఉన్నాయి. ఎండ తగలగానే ఆకులు పని మొదలుపెడతాయి. నీటినీ గాలినీ కలిపి తీపి పదార్థం తయారుచేస్తాయి. అదే చెట్టుకు తిండి. మనం పొయ్యి మీద వండుకుంటాం. చెట్టు ఎండలో వండుకుంటుంది.

చెట్టు ఈ తీపిని పువ్వుకూ కాయకూ పంపుతుంది. తల్లి బిడ్డకు పాలు ఇచ్చినట్టే అనుకోండి. గీత కార్మికుడు ఆ దారిలోనే చేయి పెడతాడు. పువ్వు గెల చివర చిన్నగా కోస్తాడు. పువ్వుకు పోవాల్సిన తీపి నీరు కోసిన చోట చుక్క చుక్కగా కారుతుంది. కింద కుండ కడితే అందులో పడుతుంది.

తాటి చెట్లలో ఆడా మగా వేరు వేరుగా ఉంటాయి. మగ చెట్టును పోతు తాడు అంటారు. ఆడ చెట్టును పెంటి తాడు అంటారు. కాయ పెంటి తాడికే కాస్తుంది. తీపి నీరు మాత్రం రెండూ ఇస్తాయి. మొక్కగా ఉన్నప్పుడు ఏది ఆడో, ఏది మగో చెప్పలేం. గెల వేసినప్పుడే తెలుస్తుంది. తాటి మొక్క గెల వేయాలంటే పన్నెండు, పదిహేను ఏళ్లు పడుతుంది. ఇంకా ఆలస్యం కూడా కావచ్చు. తాత నాటితే మనవడు గీస్తాడు. అందుకే ఒక్క చెట్టు నరికితే ఒక తరం పోయినట్టే.

చెట్టు ఎక్కడం

గీత కార్మికుడు తెల్లవారక ముందే బయలుదేరతాడు. నడుముకు కత్తి ఉంటుంది. భుజాన మోకు ఉంటుంది. మోకు అంటే నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే గట్టి పట్టీ. తోలుతోనో నారతోనో చేస్తారు. కాళ్లకు తాడుతో చేసిన బందం వేసుకుంటాడు. రెండు పాదాలూ మానును గట్టిగా పట్టుకోవడానికి అది పనికివస్తుంది.

ముందు మోకును పైకి జరుపుతాడు. వెనక్కి వాలి, కాళ్లు పైకి లాగుతాడు. మళ్లీ మోకు జరుపుతాడు. మళ్లీ కాళ్లు లాగుతాడు. అలా అరవై డెబ్బై అడుగులు పోతాడు. పైన రెండు చేతులతోనూ పని చేయాలి. అప్పుడు అతని బరువంతా మోకు మీదే ఉంటుంది. ఆ మోకే అతని ప్రాణం.

ఇలా రోజుకు ఒక చెట్టు ఎక్కితే సరిపోదు. చాలా చెట్లు ఎక్కాలి. ఒక్కో చెట్టును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాలి.

గెల గీయడం

గీత కత్తి చూశారా? కొడవలి కన్నా వెడల్పుగా ఉంటుంది. అంచు పలచగా, చాలా పదునుగా ఉంటుంది. దాన్ని రోజూ నూరాలి. ఊళ్లలో కమ్మరులు పాత లారీ కమాను పట్టీలను కాల్చి, సాగగొట్టి కత్తులు చేయడం మామూలే. కమాను పట్టీ ఇనుము గట్టిది. పదును త్వరగా పోదు. లారీ కమాన్లు విప్పడం, బిగించడం మన ఆటోనగర్‌లో రోజూ చూసే పనే. అలా మన షెడ్ల ఇనుముకూ, తాటి చెట్టుకూ చుట్టరికం ఉంది.

గెల రాగానే కోసేయరు. ముందు దాన్ని సిద్ధం చేస్తారు. పోతు తాడి గెలకు వేళ్లలాంటి పొడవాటి కాడలు ఉంటాయి. వాటిని దగ్గరికి చేర్చి కడతారు. కర్రతో మెల్లగా నొక్కుతారు. కొన్ని రోజులు ఇలా చేస్తారు. పెంటి తాడికైతే లేత కాయలు ఉన్న గెలను సిద్ధం చేస్తారు. తరవాత చివరను కోస్తారు. మెల్లగా నీరు కారడం మొదలవుతుంది. అక్కడ లొట్టి కడతారు. చెట్టు మీద కట్టే కుండే లొట్టి.

ఇక్కడే అసలు పనితనం ఉంది. కోసిన చోట కొన్ని గంటల్లో గాయం ఆరిపోతుంది. నీరు తగ్గిపోతుంది. అందుకని రోజూ పొద్దునా, సాయంత్రం మళ్లీ కొంచెం గీయాలి. ఎంత గీయాలి? పలచటి అట్ట మందాన గీస్తే చాలు. ఎక్కువ గీస్తే గెల త్వరగా అయిపోతుంది. తక్కువ గీస్తే నీరు రాదు. మొద్దు కత్తితో గీస్తే గెల నలుగుతుంది, పాడవుతుంది. చెయ్యి తిరిగినవాడు గీస్తే ఒక గెల వారాల తరబడి నీరు ఇస్తుంది.

ఒక పెద్దాయనను అడిగాను: "మామయ్యా, ఈ పని ఎన్నాళ్లకు వస్తుంది?"

ఆయన నవ్వాడు. "చెట్టెక్కడం ఒక ఏడాదిలో వస్తుంది టీచరమ్మా. ఎంత గీయాలో తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పడుతుంది. ఆశపడితే చెట్టు ఇవ్వదు" అన్నాడు.

చలికాలం నుంచి ఎండాకాలం దాకా తాటి నీరు బాగా దిగుతుంది. గీసిన గెలకు ముంజలు రావు. ముంజలు కావాలంటే ఆ గెలను గీయకుండా వదిలేయాలి. చెట్టు ఒక చేత్తోనే రెండూ ఇవ్వలేదు.

ఒకే నీరు, రెండు దారులు

చెట్టు నుంచి అప్పుడే దిగిన నీరు తియ్యగా ఉంటుంది. దాన్నే నీరా అంటారు. నీరాలో మత్తు లేదు. అందులో ఉన్న తీపి మనం తినే పంచదారలాంటిదే. నూరు పాళ్ల నీరాలో పది నుంచి పద్నాలుగు పాళ్లు తీపి పదార్థం ఉంటుంది.

మరి నీరా కల్లు ఎలా అవుతుంది? ఇడ్లీ పిండి మీకు తెలుసు. రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. పుల్లటి వాసన వస్తుంది. కంటికి కనిపించని చిన్న జీవులు ఆ పిండిలో పెరుగుతాయి. నీరాలో కూడా అలాంటివే చేరతాయి. గాలిలో ఉంటాయి. పాత లొట్టిలో ఉంటాయి. వాటికి తీపి అంటే ఇష్టం. తీపిని తిని, మత్తు పదార్థాన్ని వదులుతాయి. నీరా నురగ కడుతుంది. తెల్లబడుతుంది. కొన్ని గంటల్లో కల్లు అవుతుంది. ఒక రోజుకల్లా నూరు పాళ్లలో నాలుగైదు పాళ్లు మత్తు పదార్థం చేరుతుంది. ఇంకా వదిలేస్తే పుల్లబడి, చివరకు పచ్చళ్లలో వాడే వినెగర్‌లాగా అవుతుంది.

దీన్ని ఆపడం ఎలా? మన పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. అదే సున్నం. మనం తాంబూలంలో వేసుకునే సున్నమే. లొట్టిని కడిగి, ఎండబెట్టి, లోపల సున్నం పూస్తారు. సున్నం ఉన్న చోట ఆ చిన్న జీవులు పెరగలేవు. నీరు తియ్యగానే ఉంటుంది. ఎండెక్కక ముందే దింపాలి. వెంటనే వాడాలి, లేదా ఐసులో పెట్టాలి.

ఇప్పుడు తేడా తెలిసింది కదా. చెట్టు ఇచ్చింది తీపి నీరే. కడిగిన లొట్టి, సున్నం పూత, పొద్దున్నే దింపడం. ఈ మూడూ ఉంటే నీరా. ఈ మూడూ లేకపోతే కల్లు.

బెల్లం వండడం

చాలా ఊళ్లలో చెట్టెక్కేది మగవాళ్లు. బెల్లం వండేది ఆడవాళ్లు. తమిళనాడులో తూత్తుకుడి వైపు తాటి బెల్లం వండడం పెద్ద వృత్తి. అక్కడ దాన్ని కరుప్పట్టి అంటారు. ఉడన్‌గుడి అనే ఊరి కరుప్పట్టికి మంచి పేరుంది.

వండే పద్ధతి ఇలా ఉంటుంది.

ముందు నీరాను శుభ్రమైన గుడ్డలో వడగట్టాలి. సున్నం కిందికి దిగేదాకా ఉంచి, పైన తేరిన నీరు తీసుకోవాలి. సున్నం ఎక్కువ ఉంటే బెల్లం రంగూ రుచీ చెడతాయి. వెడల్పు మూకుడులో పోసి పొయ్యి మీద పెట్టాలి. ఎండిన తాటి మట్టలూ ఆకులే వంటచెరకు. పొంగు వస్తే తీసేయాలి. రెండు మూడు గంటలు కలుపుతూనే ఉండాలి. నీరు ఎర్రబడి, చిక్కబడుతుంది.

ఎప్పుడు దింపాలి? ఈ సంగతి మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అరిసెలకు పాకం పట్టేటప్పుడు ఏం చేస్తాం? గిన్నెలో చన్నీళ్లు పోసి, ఒక చుక్క పాకం వేసి చూస్తాం. ఇక్కడా అంతే. చుక్క కరిగిపోకుండా గట్టి ఉండ కడితే దింపాలి. కొంచెం సేపు కలిపి, కొబ్బరి చిప్పల్లో పోయాలి. ఆరాక తీస్తే చిప్ప ఆకారంలో బెల్లం అచ్చు వస్తుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. సుమారు 8 లీటర్ల నీరా మరిగిస్తే 1 కిలో బెల్లం వస్తుంది. 40 లీటర్లు మరిగిస్తే ఎన్ని కిలోలు? 40ని 8తో భాగించండి. 5 కిలోలు. మిగతా నీరంతా ఆవిరై పోయింది. ఆ ఆవిరి వెనక ఎంత కట్టె కాలిందో, ఎంతసేపు ఒక ఆడమనిషి పొయ్యి ముందు నిలబడిందో కూడా లెక్క వేయాలి. పొగ గొట్టం ఉన్న పొయ్యి వాడితే కళ్లకూ ఊపిరికీ మంచిది. మరిగే పాకం దగ్గరికి పిల్లలను రానీయకూడదు.

గాంధీగారు 1934లో గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించారు. అది వార్ధాలో ఉండేది. తాటి బెల్లం, ఈత బెల్లం కూడా ఆ సంఘం పెట్టుకున్న పనుల్లో ఉన్నాయి. చెరకుకు మంచి పొలం కావాలి. ఎక్కువ నీరు కావాలి. తాటి చెట్టు గట్టు మీద, ఇసుకలో కూడా పెరుగుతుంది. అందుకని పేదవాళ్లకు తాటి బెల్లం పనికివస్తుందని గాంధీగారు అనుకున్నారు.

మన రాష్ట్రంలో రంపచోడవరం దగ్గర పందిరిమామిడి అనే ఊరు ఉంది. అక్కడ ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. తాటి నీరా చెడకుండా ఉంచడం, బెల్లం చేయడం లాంటి వాటి మీద అక్కడి శాస్త్రవేత్తలు పని చేస్తున్నారు. హైదరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023లో నీరా కేఫ్ తెరిచింది.

ఒక మాట గుర్తుంచుకోండి. తాటి బెల్లం మంచిదే. కాని అదీ తీపే. షుగరు జబ్బు ఉన్నవాళ్లకు "ఇది ఎంత తిన్నా ఫరవాలేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈత చెట్టు, జీలుగ చెట్టు

తాటి చెట్టుకు గెల గీస్తారు. ఈత చెట్టు పద్ధతి వేరు. దానికి మానునే గీస్తారు. ఆకుల మట్టకు కొంచెం కింద, ఒక పక్కన మట్టలు తీసేస్తారు. లేత మానును పలచగా చెక్కుతారు. నీరు ఒక చోటికి చేరేలా గాడి చేస్తారు. చిన్న పుల్లో, ఆకు ముక్కో గుచ్చి కింద లొట్టి కడతారు.

ఈత చెట్టును జాగ్రత్తగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. మానుకు ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క నొక్కులు ఉంటాయి. ఒక ఏడు ఒక పక్క గీస్తే, మరుసటి ఏడు రెండో పక్క గీస్తారు. పాత గాయం ఆరడానికి అలా వ్యవధి ఇస్తారు. ఆ నొక్కులు లెక్కపెడితే చెట్టును ఎన్నేళ్లు గీశారో చెప్పొచ్చు. లోతుగా చెక్కితే చెట్టు మొవ్వు దెబ్బతింటుంది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. దానికి ఇంకో కొమ్మ రాదు.

ఏజెన్సీ ఊళ్లలో జీలుగ చెట్టు ఉంటుంది. దాని గెలలు జడల్లాగా వేలాడతాయి. గిరిజనులు ఆ గెలను గీసి జీలుగ కల్లు తీస్తారు. శ్రీలంకలో ఇదే చెట్టు నీటిని మరిగించి పాకం, బెల్లం చేస్తారు.

అడవిలో బంక

నీరే కాకుండా, కొన్ని చెట్లు బంక ఇస్తాయి. మన అడవుల్లో తపసి చెట్టు ఉంది. మాను తెల్లగా, నున్నగా ఉంటుంది. బెరడు మీద గాటు పెడితే జిగురు ఊరుతుంది. కొన్ని రోజులకు గట్టిపడుతుంది. గిరిజనులు దాన్ని ఏరి, ఎండబెడతారు. బెరడు ముక్కలు, మట్టి తీసి శుభ్రం చేస్తారు. ఈ పనిలో ఆడవాళ్ల చెయ్యి ఎక్కువ. తెల్లగా, శుభ్రంగా ఉన్న బంకకు ఎక్కువ ధర. ఎర్రగా, బెరడు కలిసిన బంకకు తక్కువ ధర. మందుల్లోనూ, తినే వస్తువులను చిక్కబరచడానికీ, కట్టుడు పళ్లను అంటించే పొడిలోనూ దీన్ని వాడతారు. విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ ఉంది. అది 1956లో మొదలైంది. గిరిజనుల దగ్గర బంక కొంటుంది.

ఒకప్పుడు గొడ్డలితో పెద్ద పెద్ద గాట్లు పెట్టేవారు. బంక ఎక్కువ వస్తుందని ఆశ. కాని చెట్లు చచ్చిపోయేవి. తరవాత చిన్న పనిముట్టుతో చిన్న గాటు పెట్టడం నేర్పించారు. చెట్టు బతికింది. ఏటేటా బంక ఇచ్చింది. తాటి గెల దగ్గర పెద్దాయన చెప్పిన మాటే ఇక్కడా నిజమైంది.

వేరే దేశాల్లో

కెనడా అనే చలి దేశం ఉంది. అక్కడ మేపుల్ అనే చెట్టు ఉంది. మంచు కరిగే కాలంలో దాని మానుకు చిన్న బెజ్జం వేస్తారు. గొట్టం పెట్టి నీరు పడతారు. ఆ నీరు తాటి నీరంత తియ్యగా ఉండదు. సుమారు 40 లీటర్లు మరిగిస్తే 1 లీటరు పాకం వస్తుంది. అక్కడి ఆదివాసులు ఈ పద్ధతి కనిపెట్టారు. బెజ్జం చిన్నది కాబట్టి మెల్లగా పూడిపోతుంది.

బంగ్లాదేశ్‌లో చలికాలం పొద్దున్నే పచ్చి ఈత నీరు తాగే అలవాటు ఉంది. రాత్రి పూట గబ్బిలాలు వచ్చి గీసిన చోట నాకుతాయి. లొట్టి మీద వాలతాయి. వాటి ఎంగిలి, మూత్రం నీటిలో పడతాయి. వాటి నుంచి నిపా అనే జబ్బు మనుషులకు సోకింది. 2001 నుంచి అక్కడ ఈ జబ్బుతో ఎందరో చనిపోయారు. అందుకని వెదురు తడికతో గీసిన చోటునూ, లొట్టినీ కప్పమని చెబుతున్నారు. పచ్చి నీరు తాగవద్దని చెబుతున్నారు. మరిగిస్తే ఆ భయం లేదు. మన దగ్గర కూడా లొట్టి మూతికి కప్పు ఉండడం మంచిది. ఎవరు దింపారో, ఎలా దింపారో తెలియని నీరు తాగకూడదు.

కల్లు, సారా, కల్తీ

కల్లూ సారా ఒకటేనా? కాదు. కల్లు చెట్టు నీరు పులిసినది. సారాను పులిసిన దాన్ని కాచి, ఆవిరి పట్టి దింపుతారు. అందుకని సారాలో మత్తు చాలా ఎక్కువ. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాకు ఎదురు నిలిచారు. వాళ్లూ మీలాగే పెద్ద వయసులో అక్షరాలు దిద్దినవాళ్లు. రోశమ్మగారి పేరు అందరికీ తెలిసింది. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

కల్లులో మత్తు తక్కువ కదా, అందుకని మంచిదే అనుకోవచ్చా? అనుకోకూడదు. కడుపుతో ఉన్నవాళ్లు కల్లు తాగితే బిడ్డకు చెరుపు. "వేడి చేసింది, కొంచెం పట్టండి" అని పిల్లలకు పట్టడం తప్పు. రోజూ తాగితే కల్లూ అలవాటవుతుంది. కూలి డబ్బు అక్కడే పోతుంది.

ఇంకా పెద్ద ప్రమాదం కల్తీ కల్లు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయిన చోట కొందరు మోసం చేస్తారు. నీళ్లలో పంచదార, శాకరిన్ కలుపుతారు. మత్తు కోసం నిద్ర మందులు కలుపుతారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలమ్ అనేవి ఆ మందుల పేర్లు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. ఇలాంటి కల్లుకు అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి. పిచ్చిగా మాట్లాడతారు. ఫిట్స్ వస్తాయి. అది దయ్యం పట్టడం కాదు. తాయెత్తులు కట్టవద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ కల్తీకి చెట్టు ఎక్కేవాడితో సంబంధం ఉండకపోవచ్చు. చెట్టు మొహం చూడని కల్లు అది. కాని చెడ్డపేరు మాత్రం గీత కార్మికుడికీ వస్తుంది.

చెట్టు మీద ప్రాణం

మన రాష్ట్రంలో గౌడ, శెట్టిబలిజ, ఈడిగ, యాత, శ్రీశయన కులాల వాళ్లు తరతరాలుగా ఈ వృత్తి చేస్తున్నారు. వానకు మాను జారుతుంది. కందిరీగలు ఆకుల్లో గూడు కడతాయి. మోకు పాతబడి తెగుతుంది. పైనుంచి పడితే నడుము విరుగుతుంది. ప్రాణం కూడా పోతుంది.

ఒక గీత కార్మికుడి భార్యతో మాట్లాడాను. "పిన్నీ, ఆయన చెట్టెక్కినప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగాను.

"ఏం చేస్తానమ్మా, గిన్నెలు తోముతా ఉంటా. చెవి మాత్రం అటే ఉంటది. ఆయన దిగి చెంబెడు నీళ్లు అడిగేదాకా నా ప్రాణం ఆ చెట్టు మీదే" అంది.

తరవాత ఆమె ట్రంకు పెట్టె తెరిచింది. ఒక కాగితం తెచ్చింది. గీత కార్మికుల సంఘంలో భర్త సభ్యత్వ కాగితం అది. "ఇన్నాళ్లూ దీన్ని పసుపు గుడ్డలో చుట్టి దాచా. ఏం రాసుందో తెలీదు. ఇప్పుడు చదువుతున్నా" అంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "గ...డు...వు. గడువు" అని ఆగింది. పక్కన తేదీ చదివింది. ఆ గడువు నెల రోజుల్లో అయిపోతుంది. మర్నాడే భర్తను పంపించి కొత్త కాగితం రాయించింది.

అది చిన్న పని కాదు. కల్లు గీయాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. చెట్టు మీద నుంచి పడినప్పుడు సహాయం అడగాలన్నా కాగితాలు చూపించాలి. అందులో పేరు తప్పు పడితే, గడువు దాటితే, ఆసుపత్రి మంచం మీద మనిషిని పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ తిరగడం భార్యకే పడుతుంది.

ఇప్పుడు నడుముకూ, భుజాలకూ కట్టుకునే కొత్త రకం బెల్టులు వచ్చాయి. కాలు జారినా మనిషి కింద పడకుండా చెట్టుకే ఆగిపోతాడు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో ఇలాంటివి ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడులు కొలిచే దేవుడు. పాత మోకు మీద నమ్మకం మంచిదే. కాని మోకును ప్రతి వారం చూసుకోవాలి. అరిగితే మార్చాలి.

ఎవరైనా చెట్టు మీద నుంచి పడితే ఏం చేయాలి? కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకూడదు. కూర్చోబెట్టకూడదు. నడుము, మెడ కదలకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. తప్పనిసరై కదపాల్సి వస్తే నలుగురు కలిసి, తల నుంచి కాళ్ల దాకా ఒకే వరసలో ఉండేలా, వెడల్పు పలక మీదికి చేర్చాలి.

మనం ఏం చేయవచ్చు?

మనలో కొందరి పుట్టిళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నాయి. కొందరి భర్తలు చెట్టెక్కడం మానేసి, ఇక్కడ షెడ్లలో పనికి చేరారు. చెట్లు కూడా తగ్గుతున్నాయి. ఇళ్ల స్థలాల కోసం నరుకుతున్నారు. ఇటుక బట్టీల్లో కాలుస్తున్నారు. మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

తాటి పండు తిన్నాక టెంకను పారేయకండి. ఊరికి పోయినప్పుడు గట్టు మీద పాతండి. నీళ్లు పోసే పని కూడా పెద్దగా ఉండదు.

డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లు తాటి బెల్లం సంగతి మాట్లాడుకోండి. నీరా దింపడానికి, అమ్మడానికి అనుమతి ఎలా తీసుకోవాలో మండల ఆఫీసులో అడగండి. మొదలుపెట్టే ముందే లెక్క రాయండి. నీరా ఎంత, కట్టె ఎంత, ఎన్ని గంటల పని, బెల్లం ఎంత, ధర ఎంత. కాగితం మీద లాభం కనిపిస్తేనే పొయ్యి వెలిగించండి.

అంగట్లో తాటి బెల్లం కొంటే పొట్లం మీద చదవండి. తయారైన తేదీ ఉందా? ఎవరు చేశారో రాశారా? ఆహార శాఖ లైసెన్సు నంబరు ఉందా? ఆ నంబరులో 14 అంకెలు ఉంటాయి. వేలు పెట్టి లెక్కపెట్టండి. పంచదార కలిపారేమో చూడండి.

ఇంట్లో గీత కార్మికుడు ఉంటే సంఘం కాగితం, బీమా కాగితం, గడువు తేదీ మీరే చూసుకోండి. ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద మీ చేత్తో రాసి పెట్టండి.

కొత్త మాటలు

మోకు: చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే పట్టీ.
లొట్టి: చెట్టు మీద కట్టే కుండ.
నీరా: చెట్టు నుంచి దిగిన పులియని తీపి నీరు.
మొవ్వు: చెట్టు తలలో ఉండే లేత భాగం.
గడువు: ఒక పని అయిపోవాల్సిన చివరి రోజు.
కల్తీ: మంచి వస్తువులో చెడ్డ వస్తువు కలపడం.

ఆలోచించండి, మాట్లాడండి

1. లొట్టి లోపల సున్నం ఎందుకు పూస్తారు?
2. గెలను కొంచెం కొంచెంగానే ఎందుకు గీయాలి?
3. 24 లీటర్ల నీరా మరిగిస్తే సుమారు ఎన్ని కిలోల బెల్లం వస్తుంది?
4. మీ ఊళ్లో పదేళ్ల కింద ఎన్ని తాటి చెట్లు ఉండేవి? ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?
5. మీ ఇంట్లో ఉన్న కాగితాల్లో గడువు ఉన్నవి ఏవి? ఈ రోజు వెతికి చదవండి. తేదీలు పలక మీద రాసి రేపు తరగతికి తీసుకురండి.